ప్రాంగణ వనాల పెంపకం, నిర్వహణలో స్థానిక వృత్తివిద్య: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల అవసరాలు

సారాంశం

గత పదేండ్లలో తెలంగాణ పట్టణాలలో మొక్కలు నాటే కార్యక్రమం విస్తృతంగా సాగింది. నాటిన మొక్కను చెట్టుగా నిలిపే నైపుణ్యం గల మనుషుల తయారీ మాత్రం ఆ వేగంతో సాగలేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల నేల, నీరు, ఉపాధి పరిస్థితులను ఆధారం చేసుకొని, కమ్యూనిటీ కళాశాల తరహాలో తెలుగు మాధ్యమంలో నడపదగిన ప్రాంగణ నిర్వహణ కోర్సు స్వరూపాన్ని ఈ వ్యాసంలో చర్చించడమైనది. ప్రస్తుతం అమలులో ఉన్న 200 గంటల తోటమాలి శిక్షణను కొద్ది వారాలలో ముగించక, ఒక పూర్తి సంవత్సరం మీద పరచవలెనన్నది ఇందలి ప్రధాన ప్రతిపాదన.

ముఖ్య పదాలు: ప్రాంగణ నిర్వహణ, వృత్తివిద్య, సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు, ఊక బూడిద, చెట్ల కత్తిరింపు

ఉపోద్ఘాతం

తెలంగాణకు హరితహారం కార్యక్రమం 2015 జూలై 3న ప్రారంభమైనది. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం, 2019 నాటి పురపాలక చట్టం మొక్కల సంరక్షణను స్థానిక సంస్థల బాధ్యతగా చేసినవి. పురపాలక బడ్జెట్‌లో 10 శాతం హరిత బడ్జెట్‌గా కేటాయించవలెననీ, నాటిన మొక్కలలో కనీసం 85 శాతం బ్రతకవలెననీ నిబంధన వచ్చినది. ఒక మొక్క చావు బ్రతుకులకు ప్రజాప్రతినిధి పదవి సైతం జవాబుదారీ అయిన ఇటువంటి చట్టాలు దేశంలో అరుదు.

అయితే 85 శాతం అనే అంకెను చట్టం ఇవ్వగలదు గాని, ఆ అంకెను సాధించే చేతులను ఇవ్వలేదు. గుంత ఎంత లోతు ఉండవలె, కవరు ఎప్పుడు తీయవలె, వేసవిలో ఎన్ని లీటర్లు పోయవలె, కొమ్మను ఎక్కడ కోయవలె అన్నవి చదివి, చేసి, మరల చేసి నేర్చుకొనవలసిన విషయాలు. ఈ పని చేస్తున్నవారిలో అధికులు పారిశుద్ధ్య విభాగం నుండి మార్చబడినవారో, రోజు కూలీలో, ఉపాధి హామీ పనివారో అయి ఉన్నారు. వారికి శ్రద్ధ లేదని అనలేము. వారికి నేర్పినవారు లేరు.

ఈ లోటును గురించి వ్రాసే అధికారం నాకు ఒక తప్పు వలన వచ్చినది. దాదాపు ఇరవై ఏండ్ల క్రితం ఒక వసతి గృహ ప్రాంగణంలో చెట్ల వరుసకు నన్ను సలహా అడిగినారు. సేద్య శాస్త్రంలో పెరిగినవాడను గనుక, చదరపు మీటరుకు ఎన్ని మొక్కలు అన్న లెక్కతోనే ఆలోచించి, ప్రహరీ వెంట మూడు మీటర్ల ఎడంలో నిద్రగన్నేరు నాటించినాను. గుంతలు తవ్విన పెద్దాయన తలయెత్తి చూసి, “సారూ, పైన కరెంటు తీగలున్నయి” అన్నాడు. మొక్క మోకాలెత్తు కూడా లేనప్పుడు తీగల మాట ఎందుకని నేను పట్టించుకొనలేదు. కొన్ని ఏండ్లకే ఆ చెట్లు తీగలను తాకినవి. ఏటా తలలు నరికించవలసి వచ్చినది. నరికిన చోట కుళ్లు దిగినది. ఒక గాలివానకు అందులో ఒకటి ప్రహరీ మీద కూలినది. అదృష్టవశాత్తు అప్పుడు అక్కడ ఎవరూ లేరు. పంట విజ్ఞానం వేరు, ప్రాంగణ విజ్ఞానం వేరు అన్నది ఆనాడు తెలిసినది. పంట నాలుగు మాసాలలో తప్పును చూపుతుంది. చెట్టు పదేండ్ల తరువాత చూపుతుంది.

కమ్యూనిటీ కళాశాల భావన

అమెరికాలో 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్‌లో మొదలైన రెండేండ్ల కళాశాల నేటికీ పనిచేస్తున్న తొలి ప్రభుత్వ కమ్యూనిటీ కళాశాలగా పేరుపొందినది. ఆ తరహా కళాశాలలలో ప్రాంగణ రూపకల్పన, పచ్చిక నిర్వహణ, వృక్ష సంరక్షణ కోర్సులు చాలాకాలంగా ఉన్నవి. మొక్కల గుర్తింపు, నేలలు, నీటి వ్యవస్థలు, కత్తిరింపు, చీడపీడలు, పని ఖర్చు అంచనా అన్నవి సాధారణంగా పాఠ్యాంశాలు. పగలు పనిచేసి సాయంత్రం చదువుకొనే వీలు, దగ్గరి ఊరి అవసరాన్ని బట్టి కోర్సును మలచుకొనే స్వేచ్ఛ ఆ పద్ధతికి ప్రాణం.

మన దేశంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2013-14లో కమ్యూనిటీ కళాశాలల పథకాన్ని ప్రవేశపెట్టినది. అదే 2013 డిసెంబరులో జాతీయ నైపుణ్య అర్హతల చట్రం వెలువడినది. భారత వ్యవసాయ నైపుణ్య మండలి ‘తోటమాలి’ని ఒక ప్రత్యేక వృత్తిగా గుర్తించి, దానికి ప్రమాణాలు నిర్ణయించినది. బెంగళూరు లాల్‌బాగ్‌లో కర్ణాటక ఉద్యాన శాఖ పది మాసాల తోటమాలి శిక్షణను రైతుబిడ్డలకు నడుపుతున్నది. గోదావరి తీరాన కడియపులంకలో విద్య కుటుంబంలోనే సాగుతున్నది. అక్కడి నర్సరీలలో అంటు కట్టే పిల్లవాడు తండ్రి చేతిని చూసి నేర్చుకొంటాడు. మన పొరుగు ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన వనజీవి దరిపల్లి రామయ్య ఏ కళాశాలా చూడకుండానే జీవితమంతా మొక్కలు నాటి 2017లో పద్మశ్రీ అందుకొన్నారు. అయితే ఒక్కొక్క పట్టణానికి ఒక్కొక్క రామయ్య పుడతాడని ఎదురుచూడలేము. వ్యక్తి నిష్ఠతో సాధించినదాన్ని పలువురికి అందించడమే విద్య పని.

ఈ ప్రాంతంలో ఉన్న విద్యా వనరులు

మూడు పట్టణాలకు అందుబాటులో సంస్థలు లేకపోలేదు. త్రిపురారం మండలం కంపాసాగర్‌లో ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయపు పరిశోధన స్థానం, కృషి విజ్ఞాన కేంద్రం, వ్యవసాయ పాలిటెక్నిక్ ఉన్నవి. గరిడేపల్లి మండలం గడ్డిపల్లిలో మరొక కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నది. ఉద్యాన విద్యకు 2014లో ఏర్పడిన శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం సిద్దిపేట జిల్లా ములుగులో ఉన్నది.

వ్యవసాయ పాలిటెక్నిక్ పదవ తరగతి తరువాత రెండేండ్ల చదువు. దాని చూపు ప్రధానంగా పంటల మీదనే నిలిచి ఉంటుంది. కృషి విజ్ఞాన కేంద్రాలలో నైపుణ్య శిక్షణ కనీసం 200 గంటలు సాగుతుంది. రోజుకు 8 గంటల చొప్పున ఇది 25 రోజులు మాత్రమే. ఇరవై ఐదు రోజులలో పనిముట్లు పట్టడం నేర్పవచ్చు. కాని ఆ రోజులు ఆగస్టులో వచ్చినచో విద్యార్థి రోహిణి కార్తెను చూడడు. ఏప్రిల్‌లో వచ్చినచో వానలో గుంత నీరు నిలిచి వేరు కుళ్లడం చూడడు. చెట్టుకు సంవత్సరమే ఒక పాఠం. దానిని సగంలో చదివి పరీక్ష వ్రాయరాదు.

మరొకవైపు, సంవత్సరమంతా కూలి మానుకొని చదవగల స్థోమత ఈ వృత్తికి వచ్చే కుటుంబాలకు ఉండదు. దీనికి సమాధానం లెక్కలోనే ఉన్నది. అవే 200 గంటలను వారానికి 4 గంటల చొప్పున 50 వారాలకు పరచినచో, వారానికి ఒక పూట చదువు, మిగిలిన రోజులు పని. గంటలు పెరగవు, బోధన ఖర్చు పెద్దగా మారదు. విద్యార్థి మాత్రం మూడు కాలాలనూ చూస్తాడు. ఇప్పటికే పురపాలక సంఘంలోనో, పాఠశాలలోనో పనిచేస్తున్న వ్యక్తి ఈ వారం నేర్చినదాన్ని తన చెట్టు మీదనే ప్రయత్నించి, వచ్చే వారం ఫలితంతో తరగతికి రాగలడు.

స్థానిక నేలలు, నీరు: తొలి పాఠం

సాగర్ నీరు 1967 ఆగస్టు 4న కాలువలకు విడుదలైనప్పటి నుండి ఎడమ కాలువ ఆయకట్టు రూపురేఖలు మారినవి. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు వరి మాగాణులైనవి. సూర్యాపేట పరిసరాలలో చల్కా నేలలు అధికం. ఈ రెండు చోట్ల ఒకే పుస్తకం పనిచేయదు.

చల్కాలో పైన అడుగు, అడుగున్నర ఎర్రమన్ను, దిగువన గట్టి మొరం ఉండడం సాధారణం. గుంత గోడలను గడ్డపారతో పగులగొట్టకపోతే వేరు కుండీలో ఉన్నట్లే చుట్లు తిరుగుతుంది. నల్లరేగడిలో ఇబ్బంది ఇందుకు వ్యతిరేకం. వానాకాలంలో గుంత తొట్టి వలె నీటిని పట్టుకొని వేర్లకు గాలి ఆడనీయదు. వేసవిలో నేల నెర్రెలు విచ్చి పిల్లవేర్లను తెంపుతుంది. కావున రేగడిలో మొక్కను చుట్టూ ఉన్న నేల కంటె కొద్దిగా ఎత్తున నాటి, వేసవిలో పాదును గడ్డితో కప్పవలె. కోత యంత్రాల తరువాత మళ్లలో తగులబెడుతున్న వరిగడ్డి ఇందుకు చక్కగా పనికివస్తుంది. 5 నుండి 8 సెంటీమీటర్ల మందంలో, కాండానికి 10 సెంటీమీటర్ల దూరం వదిలి పరచవలె. కాండానికి ఆనించి పేర్చినచో బెరడు కుళ్లుతుంది, చెదలు చేరుతుంది.

బోరు నీటి స్వభావం తెలియకుండా ఈ ప్రాంతంలో తోటమాలి కావడం కష్టం. ఉమ్మడి నల్లగొండ జిల్లా ఫ్లోరైడ్ సమస్య దేశమంతటికీ తెలిసినదే. నీటిలోని ఫ్లోరైడ్‌ను తొలగించే ఒక విధానానికి ‘నల్లగొండ పద్ధతి’ అన్న పేరే నిలిచినది. అదే ఫ్లోరైడ్ మొక్కలకూ తగులుతుందన్న సంగతి తక్కువమందికి తెలుసు. కార్యాలయాల వరండాలలో కుండీలలో పెంచే డ్రసీనా, స్పైడర్ మొక్కల ఆకు కొనలు గోధుమరంగుకు మారి ఎండడం చూసి, నీరు చాలలేదని భావించి మరింత బోరునీరు పోస్తుంటారు. పోసిన కొద్దీ ఫ్లోరైడ్ ఆకు కొనలలో పేరుకొంటుంది. ఇటువంటి మొక్కలకు వాననీరు లేదా కాలువ నీరు వాడడం, ఫ్లోరైడ్ కలిగి ఉండే సూపర్ ఫాస్ఫేట్‌ను కుండీ మిశ్రమంలో మానడం, మిశ్రమం మరీ ఆమ్లగుణం పొందకుండా చూడడం నివారణ మార్గాలు. అసలు ఆ మొక్కలనే ఎంచుకొనకపోవడం అన్నింటికంటె సులువైన మార్గం.

సున్నపు పాలు ఎక్కువగా ఉన్న నేలలలో నూరువరహాల లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మిగిలిన భాగం పసుపురంగుకు తిరుగుతాయి. ఇది ఇనుపధాతు లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేయవలె. నత్రజని లోపమైనచో ముదురాకులు ముందుగా పసుపెక్కుతాయి. ఏ ఆకు ముందు మారినదో చూడడమే రోగనిర్ణయంలో తొలి మెట్టు.

లెక్కలు: రెండవ పాఠం

ప్రాంగణ నిర్వాహకునికి కూడిక, గుణకారం చాలు. కాని అవి నీటి మీద, మన్ను మీద చేయగలగవలె. ఈ క్రింది లెక్కలు తరగతిలో చేయించదగినవి.

మొదటి లెక్క: 2 కిలోమీటర్ల రహదారికి ఇరువైపులా 5 మీటర్ల ఎడంలో నాటినచో దాదాపు 800 మొక్కలు. మొక్కకు ఒక తడికి 20 లీటర్ల చొప్పున 16,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరు మూడుసార్లు తిరిగినా ఇంకా 50 మొక్కలు ఎండి ఉంటాయి. ఆ 50 మొక్కలు ప్రతిసారి వరుస చివరనే ఉంటాయి. రహదారి చివరి మొక్కలు చనిపోవడానికి పలుచోట్ల కారణం ఇదే. ట్యాంకరును ఒకసారి ఇటు నుండి, ఒకసారి అటు నుండి మొదలుపెట్టించడం ఖర్చు లేని పరిష్కారం.

రెండవ లెక్క: ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరు అంటే ఒక లీటరు. 1,000 చదరపు మీటర్ల పచ్చికకు రోజుకు 5 మిల్లీమీటర్ల చొప్పున 5,000 లీటర్లు కావలె. ఒక ప్రాంగణంలో పచ్చిక ఒక్కరోజు త్రాగే నీరు 250 మొక్కలకు ఒక తడి. కాలువ కట్టివేసిన వేసవిలో ఏది కావలెనో నిర్ణయించవలసి వచ్చినప్పుడు ఈ అంకెను అధికారి ముందు ఉంచగలవాడే నిజమైన నిర్వాహకుడు.

మూడవ లెక్క: 60 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతు గల గుంత 216 లీటర్ల మన్ను. 45 సెంటీమీటర్ల గుంత 91 లీటర్లు మాత్రమే. కొలత పావు వంతు తగ్గించినచో వేరుకు దొరికే మెత్తని మన్ను సగానికి పైగా తగ్గిపోతుంది. గుంతల కూలి బేరం ఆడేటప్పుడు ఈ సంగతి గుర్తుండవలె.

నాల్గవ లెక్క: 800 మొక్కలలో 85 శాతం అంటే 680. అన్నిటినీ లెక్కించే వీలు లేనప్పుడు ప్రతి ఐదవ మొక్కను చూసి నమూనా తీయవలె. తనకు నచ్చిన చోట నిలబడి లెక్కించినది నమూనా కాదు.

మొక్కల ఎంపిక: మూడవ పాఠం

మొక్కను ఎంచుకొనే ముందు మూడు దిక్కులు చూడవలెనని విద్యార్థికి అలవాటు చేయవలె. పైకి చూడవలె, తీగలున్నవా. క్రిందికి చూడవలె, నీటి గొట్టాలు, మురుగు కాలువలు ఉన్నవా. ముందుకు చూడవలె, ఇరవై ఏండ్లకు ఈ చెట్టు గొడుగు ఎంత. మా వసతి గృహపు వరుసలో నేను చూడని మొదటి దిక్కును ఆ పెద్దాయన చూసినాడు.

తీగలు లేని వెడల్పు రహదారులకు వేప, కానుగ, చింత, తెల్లమద్ది తగినవి. తీగల క్రింద దేవకాంచనం వంటి చిన్న చెట్లు, పొదలు చాలు. జాతీయ రహదారి 65 నడిమి పట్టీలో గన్నేరు, కాగితపు పూల మొక్కలు ఎదుటి వాహనాల దీపపు వెలుగును అడ్డుకొంటూ, పొగను, ఎండను ఓర్చుకొంటున్నవి. అక్కడ చెట్టుగా పెరిగేవి నాటరాదు. రాష్ట్ర పుష్పమైన తంగేడు చల్కా నేలలకు పుట్టుకతోనే అలవాటైనది. అయినను మన ప్రాంగణాలలో అది అరుదుగా కనిపించడం వింత. త్వరగా పచ్చగా కనిపిస్తుందన్న ఆశతో విరివిగా నాటిన కోనోకార్పస్‌ను గుజరాత్ ప్రభుత్వం 2023లో నిషేధించినది. మన రాష్ట్రంలోనూ దానిని నాటవద్దన్నారు. త్వరితం అన్న ఒకే గుణాన్ని చూసి ఎంచినచో కలిగే నష్టానికి అది గుర్తుగా మిగిలినది.

కత్తిరింపు: నాల్గవ పాఠం

ఈ కోర్సులో అత్యధిక సమయం ఇవ్వవలసినది కత్తిరింపునకే. నీరు తప్పినచో మరునాడు దిద్దుకొనవచ్చు. కోత తప్పినచో దిద్దుకొనలేము.

అమెరికా అటవీ సేవలో పనిచేసిన అలెక్స్ షైగో (1930-2006) వేలాది చెట్లను కోసి లోపలి గాయాలను పరిశీలించి, చెట్టుకు మనిషికి వలె గాయం మానదని నిరూపించినాడు. చెట్టు గాయాన్ని మాన్పదు. దాని చుట్టూ గోడ కట్టి, కొత్త కణజాలంతో పైన మూసివేస్తుంది. ఈ గోడ కట్టే శక్తి కొమ్మ మొదట కాండంతో కలిసే చోట ఉబ్బెత్తుగా ఉండే కంఠభాగంలో కేంద్రీకృతమై ఉంటుంది. కాండానికి నున్నగా రాసి కోసినచో ఆ కంఠం పోతుంది. మూరెడు మోడు వదిలినచో మోడు చచ్చి కుళ్లు లోనికి దిగుతుంది. కంఠానికి కొద్దిగా బయట కోయడమే సరియైన కోత.

బరువైన కొమ్మను మూడు కోతలలో తీయవలె. మొదటి కోత కాండానికి ఒక అడుగు దూరంలో, క్రింది నుండి పైకి, మూడవ వంతు మందం వరకు. రెండవ కోత దానికి కొద్దిగా అవతల, పై నుండి క్రిందికి. కొమ్మ బరువు రాలిపోయిన తరువాత, మిగిలిన మోడును కంఠం వెలుపల మూడవ కోతతో తీయవలె. మొదటి కోత లేకుండా పైనుండే కోసినచో కొమ్మ పడుతూ కాండపు బెరడును చీల్చుకొని పోతుంది. తల నరికివేత కత్తిరింపు కాదు. అది బలహీనమైన గుబురు రెమ్మలను పుట్టించి, చెట్టును మరింత ప్రమాదకరం చేస్తుంది.

చెట్టు కొట్టడానికి అనుమతి అవసరమనీ, 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ఇందుకు వర్తిస్తుందనీ విద్యార్థికి తెలియవలె. కోత యంత్రం పట్టేవాడికి శిరస్త్రాణం, కంటి అద్దాలు, తాడు అలంకారాలు కావు. విద్యుత్ తీగల దగ్గర సరఫరా నిలిపినట్లు ధ్రువపరచుకొననిదే ఎవరినీ చెట్టెక్కించరాదు. ఈ ఒక్క నియమాన్ని ఉల్లంఘించిన విద్యార్థికి ధ్రువపత్రం ఇవ్వరాదని నా అభిప్రాయం.

వేప ఎండుతెగులు: పరిశీలన పాఠం

2021లో రాష్ట్రమంతటా వేపచెట్లు కొమ్మ చివరల నుండి ఎండిపోవడం చూసి ప్రజలు కలవరపడినారు. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, టీ దోమ అనే రసం పీల్చే పురుగు ఇందుకు ప్రధాన కారణాలుగా శాస్త్రజ్ఞులు గుర్తించినారు. చెట్టు చనిపోయినదనుకొని కొన్నిచోట్ల కొట్టివేసినారు. కాని అధిక శాతం చెట్లు ఎండాకాలంలో మరల చిగురించినవి. గోటితో రెమ్మ బెరడును గీరి చూసినచో లోపల పచ్చగా ఉన్నదా, గోధుమరంగున్నదా తెలుస్తుంది. ఒక నిమిషపు పరీక్ష. ఆ పరీక్ష తెలిసిన మనిషి ఒక్కడు ఆ వీధిలో ఉండి ఉంటే నలభై ఏండ్ల చెట్టు మిగిలేది. శిక్షణకు ఇంతకంటె పెద్ద సమర్థన అవసరం లేదు.

మిర్యాలగూడ ఊక బూడిద: ప్రయోగ పాఠం

మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరొందినది. ధాన్యంలో సుమారు 20 శాతం ఊక, ఊకను కాల్చినచో అందులో సుమారు 20 శాతం బూడిద. అనగా క్వింటాలు ధాన్యానికి దాదాపు 4 కిలోల బూడిద. ఉప్పుడు బియ్యపు మిల్లుల బాయిలర్ల నుండి వచ్చే ఈ బూడిదను ఎక్కడ పోయవలెనన్నది పట్టణానికి ఒక సమస్య. ఇది చాలావరకు సిలికా. కొంత పొటాష్ ఉంటుంది. తేలికగా ఉండి మిశ్రమానికి గుల్లతనం ఇస్తుంది. అయితే క్షార గుణం గలది. మన నేలలు, బోరు నీరు ఇప్పటికే క్షారం వైపు మొగ్గినవి గనుక ఎంత కలపవచ్చునన్నది పరీక్షించి తేల్చవలె.

విద్యార్థులే చేయదగిన ప్రయోగమిది. ఎర్రమన్ను, పశువుల ఎరువు మిశ్రమంలో ఘనపరిమాణం ప్రకారం బూడిద 0, 10, 20, 30 శాతం కలిపి నాలుగు రకాల మిశ్రమాలు తయారుచేయవలె. ఒక్కొక్కదానికి పది కవర్ల చొప్పున కానుగ గింజలు నాటవలె. కవర్లను వరుసగా గాక చీటీలు తీసి కలగలిపి అమర్చవలె. లేనిచో చెట్టు నీడ పడిన చివరి వరుసను బూడిద ప్రభావమని పొరబడతారు. మొలక శాతం, మూడు మాసాలకు ఎత్తు, ఆకుల రంగు, మిశ్రమపు ఉదజని సూచిక నమోదు చేయవలె. నలభై కవర్లతో, నామమాత్రపు ఖర్చుతో విద్యార్థికి ప్రయోగ పద్ధతి, పట్టణానికి ఒక సమాధానం లభిస్తాయి. సొంత ఊరి వ్యర్థం మీద ప్రయోగం చేసినవాడు పుస్తకంలోని మోతాదును గ్రుడ్డిగా నమ్మడు.

కార్తెల వారీ పాఠ్యక్రమం

సంవత్సర కోర్సును మన కార్తెలకు అనుసంధించడం సహజం. రోళ్లు పగిలే రోహిణిలో గుంతలు తవ్వి ఎండనివ్వడం, బ్రతికిన మొక్కల లెక్క తీయడం. మృగశిర, ఆరుద్రలలో నేల లోతుగా తడిసిన తరువాత నాటడం, వేపగింజల సేకరణ. వేపగింజ మొలకెత్తే శక్తి కొద్ది వారాలలో తగ్గిపోతుంది గనుక ఏరిన వెంటనే నాటవలె. శ్రావణ భాద్రపదాలలో ఖాళీలు నింపడం, వయ్యారిభామను పూతకు రాకముందే పీకివేయడం, పచ్చికను క్రమం తప్పక కోయడం. గడ్డి ఎత్తులో మూడవ వంతు కంటె ఎక్కువ ఒకేసారి తీయరాదు. 3 సెంటీమీటర్ల ఎత్తున ఉంచదలచినచో 4.5 సెంటీమీటర్లకు చేరగానే కోయవలె. చలికాలంలో బంతి, చేమంతి మడులు, చెట్ల ఆకృతి కత్తిరింపు. మాఘం నుండి కానుగ కాయల సేకరణ, నర్సరీ పని, తడుల ప్రణాళిక.

పరీక్ష కాగితం మీద కన్న నేల మీద జరగవలె. కోర్సు ఆరంభంలో ప్రతి విద్యార్థికి పది మొక్కలు అప్పగించి, ఏడాది చివర అవి ఎట్లున్నవో చూచి, చనిపోయిన ప్రతిదానికి కారణం చెప్పించవలె. మొక్క చనిపోయినంత మాత్రాన మార్కులు తగ్గించనక్కరలేదు. కారణం చెప్పలేకపోయినచో తగ్గించవలె.

ఉపాధి, గౌరవం

ఈ ప్రాంతంలో పనికి కొదువ లేదు. మూడు పురపాలక సంఘాలు, సూర్యాపేట వైద్య కళాశాల, జిల్లా కార్యాలయాల సముదాయం, సద్దుల చెరువు కట్ట, జాతీయ రహదారి, మఠంపల్లి, మేళ్లచెరువు ప్రాంతపు సిమెంటు కర్మాగారాలు, దామరచర్ల మండలంలోని 4,000 మెగావాట్ల యాదాద్రి తాప విద్యుత్ కేంద్రం వంటివి చెట్లను పెంచక తప్పనివి. పెద్ద పరిశ్రమల పర్యావరణ అనుమతులలో మూడవ వంతు స్థలం హరిత వలయంగా ఉండవలెనన్న షరతు సాధారణం. ఇక ప్రైవేటు పాఠశాలలు, ఫంక్షన్ హాళ్లు, కొత్త వెంచర్లు చెప్పనక్కరలేదు. ఒక్కొక్కచోట పూర్తికాలపు పని లేకున్నా, నలుగురు శిక్షితులు కలిసి పది ప్రాంగణాలను ఒప్పందం మీద చూసుకొనవచ్చు. అందుకే ఖర్చు అంచనా, కొలత పుస్తకం, బిల్లు వ్రాయడం కూడా పాఠ్యాంశాలు కావలె.

అసలు అడ్డంకి మరొకచోట ఉన్నది. పిల్లవాడు తోటమాలి చదువు చదువుతున్నాడని చెప్పుకొనడానికి తల్లిదండ్రులు జంకుతారు. అదే పనిని విదేశంలో రెండేండ్ల కళాశాలలో నేర్చి, ధ్రువపత్రం పొంది, యంత్రాలతో చేసేవారిని చూసి మెచ్చుకొంటాము. తేడా పనిలో లేదు. మనం ఆ పనిని చదువుగా గుర్తించకపోవడంలో ఉన్నది. గుర్తింపు పొగడ్తతో రాదు. నియామకంలో శిక్షణకు ప్రాధాన్యం, శిక్షితునికి కూలీ కంటె హెచ్చు వేతనం, మొక్కల ఎంపిక సమావేశంలో అతనికి ఒక కుర్చీ అన్నవి మూడు మెట్లు. మూడవదానికి ఖర్చు కూడా లేదు.

ముగింపు

ఈ ప్రతిపాదనకు కొత్త భవనాలు అవసరం లేదు. కంపాసాగర్, గడ్డిపల్లి కేంద్రాల నిపుణులు, మూడు పట్టణాలలోని ప్రభుత్వ కళాశాలల ఆవరణలు, పురపాలక హరిత బడ్జెట్‌లో ఒక చిన్న భాగం, వారానికి ఒక పూట చాలు. తొలి ఏడాది పట్టణానికి ఇరవై మంది చొప్పున, ఇప్పటికే ఈ పనిలో ఉన్నవారితో మొదలుపెట్టడం మేలు. వారి అనుభవానికి శాస్త్రాన్ని జోడించడం, శాస్త్రం చదివినవారికి వారి అనుభవాన్ని వినిపించడం రెండూ ఒకే తరగతిలో జరుగుతాయి.

తీగల మాట చెప్పిన ఆ పెద్దాయనకు ఏ ధ్రువపత్రమూ లేదు. నాకు పట్టా ఉన్నది. ఆనాడు చెట్టు గురించి సరిగా చెప్పినది ఆయన, నిర్ణయించినది నేను. అటువంటి మనిషి మాటకు విలువ తెచ్చే చదువు ఈ మూడు పట్టణాలలో ఏర్పడినచో, 85 శాతం అన్న అంకె చట్టం వలన గాక చేతి నైపుణ్యం వలన నిలుస్తుంది.